తనిఖీ బాబు స్నేర్ డ్రమ్ము

పంపుల ఫ్యాక్టరీలో ప్రతి బోల్టునూ గేజీ పెట్టి చూసి, నచ్చనివి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. అందుకే అందరూ తనిఖీ బాబు అంటారు. ఇంటికొచ్చినా ఆ జబ్బు వదలదు మహానుభావుడికి. కుర్చీ కాలు పొట్టిది, గడియ వంకర, బావమరిది చేతిరాత కోడి గీకుడు. ఆదివారాలు ఒక చిన్న బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు. పాట ఎక్కడ తడబడినా తప్పు గిటారు కుర్రాడిదే అవుతుంది.

ఉన్న డ్రమ్ము పగిలిపోవడంతో అడుగు చర్మానికి తీగల పట్టీ ఆనుకుని ఉండే పాత స్నేర్ డ్రమ్ము ఒకటి కొన్నాడు. అమ్మినాయన కట్టుడు పళ్లు తయారుచేసే పనివాడు. తమ బ్యాండు మూతపడింది కాబట్టి అమ్ముతున్నానన్నాడు. ఇచ్చేముందు రెండు నిమిషాలు వాయించి చూపించాడు. దెబ్బ దెబ్బకీ గింజలు రాలినట్టు శుభ్రంగా మోగింది. "ఏదీ విప్పకండి. ఇలాగే వాయించుకోండి చాలు" అని మరీ చెప్పాడు.

అలా చెప్తే తనిఖీ బాబు ఊరుకుంటాడా? ఆ సాయంత్రమే దుప్పటి పరిచి, ఆఖరి బోల్టు దాకా విప్పేశాడు. కింది చర్మాన్ని వెలుతురుకు పెట్టి చూసి మండిపడ్డాడు. పాలిథీన్ సంచిలా ఉంది, నన్ను నిలువునా ముంచాడు అని అవతల పారేశాడు. పైనా కిందా దళసరి చర్మాలే వేసి, వాటి మీద ఇనుప రింగులు బిగించి, మీసం దువ్వుకున్నాడు.

ఆదివారం రిహార్సల్లో అది డ్రమ్ములా మోగలేదు, డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు మోగింది. కీబోర్డు వాయించే మేడమ్ ఆ బ్యాండుకు పెద్ద. మూడో పాటకు చేతులు తీసేసింది. వచ్చే ఆదివారం కూడా ఈ గోల ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటామని మెల్లగానే చెప్పింది. పన్నెండేళ్లుగా వారానికి ఒక్కపూట తనిఖీ బాబును మనిషిగా లెక్కచేసే కుర్చీ అదొక్కటే మరి. అయినా నోరు ఊరుకోదుగా. దొంగసరుకు అంటగట్టాడండీ, వాళ్ల బ్యాండు మూతపడిందంటే పడదా మరి అని పళ్లాయన్ని అందరి ముందూ చెడతిట్టాడు.

ఇక వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. అడుగున ఉండే తీగల పట్టీ మార్చాడు. దాన్ని బిగించే లీవరు జారుతోందని కొత్తది వేశాడు. బోల్టు గొట్టాల్లో దూది కుక్కాడు. గోల తగ్గలేదు. పళ్లాయనకు ఫోన్ చేసి కడిగేస్తే, ఆయన పాపం, నేనొచ్చి చూస్తానన్నాడు. అక్కర్లేదని ఈయన టక్కున పెట్టేశాడు.

శుక్రవారం భార్య కుట్టుమిషన్ ఆపి వచ్చింది. బట్టలు సరిచేసే పని ఆమెది. డ్రమ్మును బోర్లించి, తిప్పి, రెండు అంచులూ వేలితో తడిమింది.

"ఏమండీ, ఈ పై రింగుకు రెండు గాట్లు ఎందుకున్నాయి?"

"డిజైనులే. నీకు తెలీదు."

"బెల్టు దూరడానికి లూపుల్లా ఉన్నాయి. కింద తీగల పట్టీ ఏమో రింగు కింద పడి నలుగుతోంది. మీరు పై రింగు కిందా, కింది రింగు పైనా వేశారండీ."

తనిఖీ బాబు తనూ ఆ అంచులు తడిమి చూసుకున్నాడు. ఆమె బీరువాలోంచి ఆ పల్చటి చర్మం కూడా తెచ్చింది. కొలతలు గీసుకోవడానికి పనికొస్తుందని దాచిందట. ఆయన రింగులు మార్చి, ఆ చర్మమే వేశాడు. కొట్టి చూస్తే, పళ్లాయన చేతిలో మోగిన ఆ మోతే. తనిఖీ బాబు సంబరం చూడాలి! థాంక్స్ చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

ఆదివారం ఛాతీ విరుచుకుని వెళ్లాడు. మొదటి పాట ఎత్తుకున్నారు. గోల ఊసే లేదు. దెబ్బ దెబ్బా విడివిడిగా వినిపించింది. పల్లవిలో ఆలస్యంగా పడ్డ దెబ్బ వినిపించింది. చరణానికి ముందు పరుగెత్తిన నాలుగు దెబ్బలూ వినిపించాయి. ఇన్నేళ్లూ పాత డ్రమ్ము బరబరలో కలిసిపోయినవన్నీ గది నలుమూలలా వినిపించాయి. గిటారు కుర్రాడు తల వంచుకున్నాడు. వాడు నవ్వుతున్నాడని తనిఖీ బాబుకు తెలుసు.

పాట అయ్యాక మేడమ్ లేచి వచ్చి డ్రమ్ము అంచు మీద చెయ్యి వేసింది.

"దీంట్లో ఏ లోపమూ లేదండీ."

"అదే కదా మేడమ్! నేను మొత్తం తనిఖీ చేశాను."

"అమ్మినాయన వాయించినప్పుడు కూడా ఇంత బాగా మోగిందా?"

ఇంకా బాగా మోగింది. ఆ మాట ఆయన మొహమే చెప్పేసింది.

"వాళ్ల బ్యాండు మూతపడిందన్నారు కదూ. ఆయన నంబరు కాస్త ఇస్తారా?"

తనిఖీ బాబు కర్రలు ఒళ్లో పెట్టుకుని, పది అంకెలూ ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆ రోజు ఆయన తాళం తప్పకుండా చేసిన పని అదొక్కటే.