రాజుగారి ఎడమ చెవి

నేను ఒక సీసపు గుండును. తుపాకీలో పెట్టి పేల్చే రకం. పుట్టినప్పుడు మాత్రం ఇంగ్లండు రాజుగారి ఎడమ చెవిని, అంటే ఆయన సీసపు విగ్రహానికి చెవిని. అమెరికాలో ఒక రేవు పట్టణం నడిబొడ్డున, బంగారు పూతతో, గుర్రమెక్కి కూర్చునేవాళ్ళం. రాజుగారి పేరు అడక్కండి. రాజుల పేర్లకు అంకెలుంటాయి, నాకవి గుర్తుండవు.

ఆయన దుర్మార్గుడేం కాదు. గొర్రెలన్నా క్యాబేజీ మళ్ళన్నా ప్రాణం. పెళ్ళాంబిడ్డలను విడిచి ఒక్క పూట ఉండలేరు. తన ఓడలు ఎవరి సంసారాలను ఎత్తుకుపోతున్నాయో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇదంతా నాకెలా తెలుసంటారా? నన్ను పోత పోసినప్పుడే ఆయన చెవికీ నాకూ ఏదో లంకె పడింది. ఆయన దగ్గర జరిగేవన్నీ నాకు తెలిసిపోయేవి. నా దగ్గర ఎవరైనా మాట్లాడితే అక్కడ ఆయన చెవిలో హోరుమనేది. తల విదిలించుకునేవారు. వైద్యులు జలగలు పట్టించేవారు.

రాజు పుట్టినరోజున విగ్రహాన్ని కడిగి దండ వేయడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ రోజు నిచ్చెన ఎక్కినవాళ్ళు నాతో ఒక కోరిక చెప్పుకోవచ్చు. తబితా అనే ఆవిడ ఏటా ఒకటే చెప్పేది. ఆమె భర్త ఎజ్రా చేపల పడవలో పనిచేసేవాడు. రాజుగారి యుద్ధనౌక వాళ్ళు నడిసముద్రంలో ఆ పడవను ఆపి, అతన్ని బలవంతంగా తమ కొలువులోకి లాక్కుపోయారు.

"ప్రభూ, మా ఆయన్ని పంపించెయ్యండి. ఎజ్రా, ఇంటికి వెళ్ళు అని ఒక్క మాట అనండి చాలు," అనేది. నా గుండె తరుక్కుపోయేది. అక్కడ రాజుగారు చెవిలో వేలు పెట్టి తిప్పుకునేవారు.

కొన్నాళ్ళకు జనం తిరగబడ్డారు. విగ్రహానికి మోకులు కట్టి పడగొట్టారు. గొడ్డళ్ళతో నరికి, కరిగించి గుండ్లు పోయమని ఇంటింటికీ ముక్కలు పంచారు. నేను తబితా వంటింటికే వచ్చాను.

"వదినా, ఇది చూశావా? చెవి!" అని పకపకా నవ్వింది ఎజ్రా చెల్లెలు మెర్సీ.

తబితా నవ్వలేదు. నన్ను నోటి దగ్గరికి తీసుకుంది.

"ఇన్నేళ్ళూ చెప్పాను. విన్లేదు కదూ?"

మూకుట్లో పడేసింది. కరిగాను. అచ్చులో పోస్తే గుండునయ్యాను. చెవి పోయింది గానీ వినికిడి పోలేదు.

ఆ ఏడాది చలికాలానికి ముందు, రాజుగారి నౌక ఒకటి మంచినీళ్ళ కోసం ఒడ్డుకు పడవను పంపింది. పడవ ఆగకముందే ఒక నావికుడు నీళ్ళలోకి దూకి, చేతులు ఊపుతూ ఊరివైపు పరుగెత్తుకొచ్చాడు. గోడ చాటున కాచుకున్నవాళ్ళకు అతను రాజు మనిషే. తుపాకీ పేలింది. నేను అతని రొమ్ములో దిగాను.

"తబితా," అన్నాడు ఎజ్రా. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను.

శత్రువును బోర్లా పూడ్చడం అక్కడి అలవాటు. శవం లేచినా దారి తప్పి కిందికే పోవాలని. బోర్లా పడ్డవాణ్ని పడ్డట్టే గోతిలోకి ఈడ్చారు, ముఖం ఎవరూ చూడలేదు. తబితా కూడా వచ్చింది. భర్తను ఎత్తుకుపోయినవాళ్ళ మీది కసి కొద్దీ తనూ పారతో మట్టి పోసింది. ఆ తర్వాత బతికినంతకాలం రేవులో నిలబడి ఎజ్రా కోసం ఎదురుచూసింది. నాకు నోరు లేకపోయెనే అని ఎంత ఏడ్చానో.

రాజుగారి చేతినుంచి ఆ దేశం జారిపోయింది. ముసలితనంలో చూపు పోయింది. మతి కూడా పోయిందని ఆయన్ని గదిలో పెట్టి తలుపులు మూశారు. లేనివాళ్ళతో మాట్లాడుతున్నారని నౌకర్లు గుసగుసలాడేవారు. లేనివాళ్ళేమిటి, అందరూ ఒకప్పుడు నిచ్చెనెక్కి నాతో మొరపెట్టుకున్నవాళ్ళే! ఆనాటి హోరు ఇన్నేళ్ళకు ఆయనకు మాటలుగా విడిపోయింది. ఒక పొద్దుట ఖాళీ కుర్చీవైపు తిరిగి ఎంతో మర్యాదగా అన్నారు.

"ఎజ్రా, ఇంటికి వెళ్ళు నాయనా. మీ ఆవిడ అడుగుతోంది."

మట్టిలో నా చుట్టూ ఉన్న ఎముకలు కదిలాయి.

ఈమధ్య తవ్వకాల్లో నన్ను పైకి తీసి మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టారు. పక్కనే ఆ గోతి ఫోటో ఉంది. అందులో చేతి ఎముకలు మిగతా ఒంటికన్నా చాలా లోతున, వేళ్ళు మట్టిలోకి గుచ్చుకుని ఉన్నాయి. వానలకు నేల కుంగి ఉంటుందని చూడవచ్చినవాళ్ళు చెప్పుకుంటారు.

కుంగలేదు. రాజుగారి మాట అందగానే ఎజ్రా ఇంటికి బయలుదేరాడు. కిందికి.