ఎర్ర కోట్లు, నీలం కోట్లు

సిద్దమ్మ నీళ్లు చిలకరించి ఎర్ర కోటు మీద ఇస్త్రీపెట్టె అదిమింది. చుయ్‌మని ఆవిరి లేచింది. బొగ్గుల వేడికి ముక్కుపుడక పక్కన నిలిచిన చెమటబొట్టును భుజంతో తుడుచుకుంది.

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర ఆమె బల్లకు ఎడమవైపు ముబారక్ బ్యాండు, కుడివైపు ఈశ్వరప్ప బ్యాండు. వాళ్లవి ఎర్ర కోట్లు, వీళ్లవి నీలం కోట్లు. వానల్లేక వేరుశెనగ ఎండిపోయిన ఆ రెండువేల మూడులోనూ పెళ్లిళ్లు ఆగలేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె పొయ్యి వెలిగించింది ఆ కోట్లే.

ముబారక్ ఒకప్పుడు ఈశ్వరప్ప శిష్యుడే. ఆయన దగ్గర క్లారినెట్ నేర్చుకుని, ఆనక సాక్సోఫోన్ చేతబట్టి, జాజ్ డ్రమ్ములూ క్యాసియో కీబోర్డూ జతచేసి సొంత దుకాణం తెరిచాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏమున్నా సిద్దమ్మతోనే.

"ఆ జాజ్ దరువు కొంచెం మెల్లగ కొట్టుకోమని చెప్పు సిద్దమ్మా," అనేవాడు ఈశ్వరప్ప.

"మెల్లగ కొడితే పెండ్లికొచ్చినోళ్లు ఎగరరని చెప్పక్కా."

"ఇన్న్యారు కదా ఇద్దరూ," అనేది ఆమె తలెత్తకుండానే.

ఆ పొద్దున టీ తెచ్చిన తిప్పయ్య బల్ల దగ్గరే పంచాయితీ పెట్టాడు. "ముబారక్ ఊదితే ముసలోళ్లు గూడా కాలు కదిలిస్తారప్పా. ఇంగ వాళ్ల దాదాపీర్ జాజ్ కొట్టినాడంటే కడుపులో పేగులు ఎగరాల్సిందే."

ఈశ్వరప్ప దగ్గర డోలు కొట్టే యేసన్నకు రోషమొచ్చింది. "మా మాస్టర్ ఊదితే పెండ్లికూతురి తల్లి కండ్లు తుడ్చుకుంటాది. అట్లాంటిది వాళ్లకాడ యాడుండాది?"

"నువ్వు చెప్పు సిద్దమ్మా, ఎవురు మేలు?" అన్నాడు తిప్పయ్య.

"దాదాపీర్ కోటు చంకల్లో చినుగుతాది. ఈశ్వరప్ప కోటు మోచేతులకాడ నలుగుతాది. నాకు తెలిసింది అంతే, పోప్పా."

అందరూ నవ్వారు. ఆమె అన్నది నిజమే. రెండు వైపుల నుంచీ ఆమెకు వినిపించేది సాధకమే. ఒక ముక్క ఊదుతారు, తప్పుతారు, ఆపుతారు, మళ్లీ అదే ముక్క. పాట పూర్తయ్యేది పెళ్లి ఊరేగింపులో. అప్పటికి ఆమె మర్నాటి కోట్లకు బొగ్గులు రాజేస్తూ ఉండేది.

మధ్యాహ్నం ముబారక్ సంచీతో, సాక్సోఫోన్ పెట్టెతో వచ్చాడు. "బెంగళూరులో ఆర్కెస్ట్రా వాళ్లు పిలిచినారక్కా. పోతాండా. బ్యాండు దాదాపీర్ చూసుకుంటాడు."

"పీడా పోయిందని చెప్పు సిద్దమ్మా," అన్నాడు కుడివైపు నుంచి ఈశ్వరప్ప. ఎప్పుడూ ఉండే పదును ఆ గొంతులో లేదు.

బస్సు ఇంకా రాలేదు. సిద్దమ్మ నీలం కోటు బల్ల మీద పరుస్తూ అడిగింది. "నా బతుకంతా తునకలే ఇన్న్యాను నాయనా. ఒక్క పాట పూర్తిగా ఊది పో."

ముబారక్ ఆమె ముఖంలోకి చూసి నవ్వి, పెట్టె తెరిచాడు. ఒకసారి ఊది చూసి, నోటికి పెట్టుకునే చోట ఉన్న పాత రీడు తీసి బల్ల మీద పెట్టి, కొత్తది బిగించి, కళ్లు మూసుకున్నాడు. పాట నింపాదిగా మొదలైంది. బస్టాండులో మూటల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. దాదాపీర్ ఉండబట్టలేక లోపలి నుంచే దరువు అందుకున్నాడు. రెండో చరణం దగ్గర ముబారక్ ఊపిరి తీసుకునేలోగా ఆ సందులోకి కుడివైపు నుంచి క్లారినెట్ సన్నగా వచ్చి చేరింది. ముబారక్ కళ్లు తెరవలేదు. తన సాక్సోఫోన్ స్వరం కొంచెం తగ్గించి గురువుకు దారిచ్చాడు. సిద్దమ్మ ఇస్త్రీపెట్టె మీది చెయ్యి కదపడం మరిచిపోయింది.

పాట ముగిసేసరికి ఈశ్వరప్ప కోటు చెయ్యి ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడి పొగలొస్తోంది.

"అయ్యో, మాస్టర్ కోటు!" అరిచాడు యేసన్న.

ఈశ్వరప్ప కోటు వైపు చూడనే లేదు. బస్సు హారన్ మోగుతుంటే నేరుగా ముబారక్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఒరే, ఆడ చలి జాస్తి. గొంతు జాగ్రత్త. పై స్వరాలకు పోయేటప్పుడు దవడ బిగించొద్దని ఎన్నితూర్లు చెప్పినాన్రా?"

"ఇంగ బిగించను మాస్టర్," అన్నాడు ముబారక్, వంగి ఆయన కాళ్లు తాకుతూ.

"ఇంగ నేనెవురికేం చెప్పాల?" అంది సిద్దమ్మ. నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది.

బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. ఈశ్వరప్ప చాలాసేపు అటే చూసి లోపలికి నడిచాడు. సిద్దమ్మ మాడిన కోటు తీసి పక్కన పెట్టింది. బల్ల మీది దుప్పటి మడతలో ముబారక్ తీసి పెట్టి మరిచిపోయిన పాత రీడు, గోరంత వెడల్పున్న వెదురులాంటి పలచని ముక్క, అంచున ఇంకా తడి ఆరకుండా ఉంది.