వీరాయమ్మ పొయ్యిలో ఆకుపచ్చ మంట

మా ముత్తవ్వ పోలమ్మను కాపురానికొచ్చిన మొదటి పొద్దునే పుట్టింటికి పంపించేయబోయారు. ఆమె చేసిన తప్పల్లా పొయ్యి వెలిగించడమే.

ఇది పద్దెనిమిది వందల అరవైల మాట. గౌతమి సముద్రంలో కలిసే చోట మాది పడవల మీద బతికే ఇల్లు. కొత్త కోడలు పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తేనే ఇంటిమనిషి అయినట్టు లెక్క. పోలమ్మ వెలిగించింది. పాలు ఇంకా వేడెక్కనే లేదు, కట్టెల సందులోంచి చిలక రెక్కల రంగులో మంటలు లేచాయి. అత్తగారు వీరాయమ్మ గుండెలు బాదుకుంది.

"ఈ అమ్మాయి చెయ్యి మంచిది కాదు. వచ్చిన పడవలోనే ముక్తేశ్వరం, పుట్టింటికి పంపించెయ్యండి," అంది.

పడవ ఇంకా రేవులోనే ఉంది. పోలమ్మకు ఏడుపు ఆగలేదు. పెళ్లికొడుకు, అంటే మా ముత్తాత, వలలు ఆరాయో లేదో చూసొస్తానని బయటికి జారుకున్నాడు. మా వంశంలో మగవాళ్ల ధైర్యం అప్పటినుంచీ అంతే. మామగారు సూరయ్య మాత్రం గుమ్మంలోనే ఉన్నాడు. కోడలి మొదటి పొయ్యి కోసం ముక్తేశ్వరం తోటలనుంచి ఎండు మామిడి కట్టెలు తెచ్చానని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఇప్పుడు కొబ్బరిచెట్టు వంక తెగ చూస్తున్నాడు.

పోలమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యిలోకి తొంగిచూసింది. ఆ రంగు ఆమె ఎరిగినదే. పుట్టింట్లో రాగి బిందె తోమి పారేసిన చింతపండు పిప్పి ఎండి పొయ్యిలో పడితే ఇలాగే మండేది.

"అత్తయ్యగారండీ, నన్ను పంపించే ముందు ఒకసారి మీరు వెలిగించండి," అంది.

తన చెయ్యి మీద వీరాయమ్మకు నమ్మకం మెండు. కట్టెలు ఆర్పి, మళ్లీ పేర్చి, వెలిగించింది. మంట ఆకుపచ్చగానే లేచింది.

"మీ చెయ్యి కూడా మంచిది కాదేమోనండి," అంది పోలమ్మ, ఎంతో మర్యాదగా.

వీరాయమ్మ నోరు తెరిచేలోపే పోలమ్మ పొయ్యి పక్కన కొబ్బరిమట్టలు వెలిగించింది. పెళ్లి సామాను తోమిన చింతపండు పిప్పి పెరట్లో ఎండి ఉంటే తెచ్చి అందులో వేసింది. ఆకుపచ్చ మంట. తర్వాత ఇంకో మట్ట విడిగా వెలిగించి ఉప్పు చల్లింది. పసుపు మంట.

"ఎవరేసినా ఉప్పుది ఉప్పు రంగేనండి, రాగిది రాగి రంగేనండి. వెలిగించిందెవరో నిప్పుకి తెలీదండి."

ఎందుకలాగో ఆమెకు తెలియదు. నేను చదువుకున్నాను కాబట్టి కాస్త గొప్పలు పోతాను. ప్రతి పరమాణువులోనూ ఎలక్ట్రాన్లు రేవు మెట్ల మీద జనంలా నిలబడతాయి. మెట్టు మీద నిలబడాలి తప్ప రెండు మెట్ల మధ్య గాలిలో నిలబడే వీల్లేదు. వేడి తగిలితే పై మెట్టుకి ఎగురుతాయి. అక్కడ ఎంతోసేపు ఉండలేక కిందికి దిగుతాయి. దిగేటప్పుడు ఆ ఎత్తు తేడా వెలుగై బయటికొస్తుంది. రాగి మెట్ల ఎత్తు వేరు, ఉప్పులో ఉన్న సోడియం మెట్ల ఎత్తు వేరు. అందుకే ఆ రంగులు వేరు. ఇంత చదివినా నేను పోలమ్మకంటే ఎక్కువ చెప్పిందేమీ లేదు.

వీరాయమ్మ మాత్రం తగ్గలేదు. "రాగికి ఆ రంగే అనుకో. మామిడి కట్టెలో రాగి ఎక్కడిది? నీ చేతిలోంచే రావాలి. పద, పడవెక్కు."

పోలమ్మ ఒక కట్టె తిప్పి చూసింది. మేకు దిగిన చిల్లు, దాని చుట్టూ పచ్చటి చిలుము. అది పడవ చెక్క. అన్నం పెట్టిన పడవను పొయ్యిలో పెట్టకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. ఆమె మామగారి వైపు ఒకసారి చూసి, కట్టె కింద పెట్టేసి, తన బట్టల మూట అందుకుంది.

సూరయ్య ఇక తట్టుకోలేకపోయాడు.

"ఆగమ్మా," అన్నాడు. "అవి మామిడివి కావే, వీరాయీ. ముక్తేశ్వరం దాకా తెడ్డేసే ఓపిక లేక, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ చెక్కలు ఏరుకొచ్చేను. రాగి మేకులు పీకేసేను గానీ చిలుము సంగతి తట్టలేదు."

 వీరాయమ్మ కోడలి చేతిలో మూట తీసి లోపల పెట్టింది.

"మట్టల మీదే పాలు పొంగించమ్మా," అంది. భర్త వైపు తిరిగింది. "పడవ సిద్ధంగానే ఉంది కదా. ఎక్కు. మామిడి కట్టెలు లేకుండా గుమ్మం తొక్కకు."

"ఆయ్," అన్నాడు సూరయ్య.

పాలు పొంగేసరికి పడవ మలుపు తిరిగింది. తెడ్డు ఆయనే వేసుకున్నాడు.