ముప్పై ఏడో పేజీ

నేను ఒక ఇంగ్లిష్ గ్రామర్ గైడును. పుస్తకాల్లో మా హోదా కాస్త తక్కువే. కథల పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని నిద్రపోతారు, మమ్మల్ని పరీక్ష అయిన మర్నాడే అటక ఎక్కిస్తారు. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయి, జిగురు సరిగా ఆరకముందే కట్టల్లో బస్సెక్కాను. అయినా నాకు గర్వం తక్కువేమీ కాదు. ముఖ్యంగా నా ముప్పై ఏడో పేజీ చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ పేజీ పై సగంలో పరిమాణం చెప్పే మాటల గురించి చక్కటి తెలుగులో వివరణ ఉంది. లెక్కపెట్టగలిగే వాటికి మెనీ, లెక్కకు అందని వాటికి మచ్. ఫ్యూ అంటే దాదాపు లేనట్టే, ఎ ఫ్యూ అంటే కొన్నైనా ఉన్నట్టు. ఉప్పూ నీళ్లలాంటి వాటికైతే లిటిల్, ఎ లిటిల్. కింది సగంలో పది వాక్యాలు, పది ఖాళీలు. ఆ ఖాళీలు ఖాళీగానే ఉండి ఉంటే నాకివాళ ఈ బాధ ఉండేది కాదు.

పొదిలిలో చంద్రిక అనే పదో తరగతి పిల్ల నన్ను కొనుక్కుంది. ట్యూషన్ మాస్టారు జవాబులు చెప్పుకుంటూ పోతే వరసగా నింపేసింది. పెన్సిల్‌తో రాయమని ఆయన చెప్పారు. పెన్సిల్ ఇంట్లో మర్చిపోయిందని పెన్నుతో రాసింది. పాసయ్యాక, తమ వీధిలో ఉన్న అంగన్‌వాడీకి వచ్చి ఆయా నాసరమ్మ చేతిలో నన్ను పెట్టింది.

"జవాబులన్నీ రాసే ఉన్నాయి పిన్నీ, నీకింక కష్టమే లేదు" అంది. ఆ మాటకు నేనూ పొంగిపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

నాసరమ్మకు ముప్పై ఎనిమిదేళ్లు. పన్నెండేళ్లుగా అక్కడే వంటా, ఊడ్పూ, పిల్లల ముక్కులు తుడవడమూ. టీచరు సుశీల ఆ ఏడాదే రిటైర్ అవుతోంది. పదో తరగతి పాసైతే ఆ ఉద్యోగం నాసరమ్మకే ఇస్తామని ఆఫీసులో చెప్పారు. దాంతో ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుంది. లెక్కలకు భయపడలేదు, సైన్సుకు భయపడలేదు. "ఇంగ్లీషొక్కటే టీచరమ్మా నా పాలిటి యముడు" అనేది.

యముడికి ఆమె కనిపెట్టిన మందు నేనే. పొయ్యి పక్కన నన్ను నిలబెట్టి, పప్పు కలుపుతూ నా జవాబులను వరసగా పాట కట్టింది. మచ్, మెనీ, మెనీ, ఎ లిటిల్, ఫ్యూ... అన్నం వార్చేలోపు పదీ తిరిగేసేది. పైన ఉన్న వివరణ వైపు చూపు తిప్పలేదు. కింద జవాబులు సిద్ధంగా ఉంటే పైకి చూడాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది?

సుశీల ఒకసారి అడిగింది కూడా. "అర్థం తెలుసుకుని చదువుతున్నావా నాసరమ్మా?"

"జవాబులొచ్చుగదా టీచరమ్మా. అర్థం పాసైనాక చూసుకుందాంలే" అంది నాసరమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

అప్పుడే నేను చెప్పాల్సింది. నోరు లేదన్నది వట్టి సాకు. నోరున్నా చెప్పేదాన్ని కాను. ఒక మనిషి నన్ను పిండి చేతులు కడుక్కుని మరీ ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ ఖాళీలు నిండి ఉండబట్టే ఆ గౌరవం అని నాకు తెలుసు.

పరీక్షలో వాక్యాలన్నీ నా పేజీలోవే వచ్చాయి. వరస మాత్రం మారింది. నాసరమ్మ వాక్యాలు చదవలేదు. ఖాళీలు కనబడగానే పాట అందుకుని, మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా రాసి, సంతోషంగా ఇంటికొచ్చింది. మూడు మార్కుల తేడాతో ఇంగ్లిష్ పోయింది. మిగతావన్నీ పాసే.

"గైడులో తప్పేం లేదు టీచరమ్మా, నా బుర్రే మట్టిబుర్ర" అంది సుశీలతో. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

జూన్‌లో సుశీల వెళ్లిపోయింది. కొత్త టీచరుగా వేరే ఊరి అమ్మాయి వచ్చింది. తాళం తీసి, కుర్చీ తుడిచి పెట్టేది మాత్రం నాసరమ్మే.

ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, ఆమె నన్ను తెరిచి మొదటిసారి పై సగం చదివింది. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ మెల్లగా చదివింది.

"ఎన్ని అని అడిగేదానికి మెనీ. ఎంత అని అడిగేదానికి మచ్" అంది తనలో తాను. "గుడ్లెన్ని, పప్పెంత... దేవుడా, ఇంతేనా? పన్నెండేళ్లుగా నేను రోజూ అడిగేదేగదా ఇది!"

అవును, ఆమెకు వచ్చు. ఆమెకు ఎప్పుడూ వచ్చు. గుడ్లను ఎంత అని, పప్పును ఎన్ని అని ఆమె పొరపాటున కూడా అడగలేదు. తనకు వచ్చన్న సంగతి తెలియనివ్వకుండా అడ్డం నిలబడింది నేను.

ఆమె ఏడవలేదు. చెంగుతో నా అట్ట తుడిచింది. "ఉండనీ, ఎవురికన్నా పనికొస్తది" అంటూ బీరువా మీద పెట్టి, పిల్లలను లేపడానికి వెళ్లింది.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. గుమ్మంలో ఎవరైనా గైడు కోసం అడిగితే హడలిపోతాను. పుస్తకమై పుట్టి, నన్నెవరూ తెరవకూడదని మొక్కుకుంటున్నాను.