కప్పులో తీగ

తెల్లవారేసరికి ఆకాశం బూడిద పూసుకుని కూర్చుంది. కురవదు, తెరిపివ్వదు. మేడ మీది ముందుగదికి ఆ వెలుతురు చాలదు. గది పైకప్పుకు ఉన్న లైటు పాడై చాలా రోజులైంది. పెద్దకోడలు ఆ మసకలోనే టీ తాగి, కొత్త లైటు డబ్బా విప్పింది.

లైటు మార్చగలిగితే పై వాటా ఆమెది, మార్చలేకపోతే కాదు. మాట అలా పడింది. భర్త పోయినప్పటినుంచి మరిది ఆ వాటా మీద కన్నేశాడు. ఒంటరి ఆడది ప్రతి చిన్న రిపేరుకూ తన గుమ్మంలో నిలబడాల్సిందేననీ, కింద వంటగది పక్కన సర్దుకుంటే అందరికీ సుఖమనీ తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. చివరికి అత్త తేల్చేసింది. తన బాగోగులు తను చూసుకోగలిగితే ఉండనీ, లేదంటే తాళాలిచ్చి దిగాలి. అప్పటికే మరిది వీధి చివరి ఎలక్ట్రీషియన్‌కు ఒక మాట చెప్పి ఉంచాడు. ఆ మనిషి వస్తానంటాడు, రాడు.

అందుకని తనే పూనుకుంది. లైటు అమ్మిన కొట్టాయన చెప్పింది కొంచెమే. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. టెస్టర్ బాగుందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో చూసుకోవాలి. స్టూలు ఎక్కిన ప్రతిసారీ చెయ్యి కంటే ముందు టెస్టర్ తగలాలి.

రెండు వాటాల మెయిన్ పెట్టెలూ కింద మెట్ల పక్కన, అత్త కూర్చునే వరండాలోనే ఉన్నాయి. ప్లగ్గులో టెస్టర్ చూసుకుని, తన మెయిన్ దించి పైకొచ్చింది. ఫ్యాను ఆగిపోయింది. రబ్బరు చెప్పులతో చెక్క స్టూలు ఎక్కి, చచ్చిన పురుగులతో నిండిన గాజు గిన్నె విప్పి, తీగకు టెస్టర్ ఆనించింది. ఎర్రగా వెలిగింది.

కాసేపటికి గాని విషయం తట్టలేదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు గోడలు కొలిచారు, పెరడు కొలిచారు, బట్టలారేసే దండేన్ని కూడా సగం చేశారు. కప్పులో తీగ ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె నెత్తిమీది లైటుకు కరెంటు కింది వాటానుంచి వస్తోంది.

అడగక తప్పలేదు. మరిది తల్లివైపు తిరిగి, మొదలుపెట్టకముందే నా దగ్గరికొచ్చింది చూడు అన్నాడు. తన మెయిన్ తనే దించాడు.

"కానివ్వు వదినా. అంబులెన్సుకు ఇప్పుడే చెప్పి ఉంచనా?"

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త వెల్లుల్లి ఒలుస్తూ తల ఎత్తలేదు.

ఈసారి టెస్టర్ వెలగలేదు. ఏ తీగ ఎక్కడ బిగించి ఉందో చూసుకుని, ఒక్కొక్కటే వదులు చేసి పాత లైటు దించింది. మెడ పట్టేసింది. దిగి, నీళ్లు తాగి, కొత్త లైటును దాని అడుగు రేకుతో సహా చేతిలోకి తీసుకుని మళ్లీ ఎక్కింది. చెయ్యి తీగ దాకా వెళ్లింది. అప్పుడు కొట్టాయన మాట గుర్తొచ్చి, టెస్టర్ ఆనించింది.

వెలిగింది.

స్టూలు దిగి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. మరిది మెయిన్ పెట్టె పక్కనే నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందనుకున్నా. పైన చప్పుడు ఆగింది కదా," అన్నాడు.

ఆమె అత్త ముఖం చూసింది. పెట్టెకీ అత్తకీ మధ్య నాలుగడుగులు లేవు. అత్త వేళ్ల మధ్య వెల్లుల్లి రెబ్బ అలాగే ఉంది.

పెద్దకోడలు గొంతు పెంచలేదు. లైటు బరువుగా ఉంది, బిగించేదాకా పట్టుకోవాలి, పైకి రమ్మంది. పెళ్లాం ముందు, తల్లి ముందు కాదనడానికి మరిదికి నోరు రాలేదు. అతను మెట్లెక్కుతుంటే ఆమె వెనకాల ఆగి, అతని మెయిన్ దించి, లోపలి పింగాణీ ఫ్యూజు ఊడదీసి కొంగున ముడేసుకుంది. పెట్టె తలుపు అడ్డమొచ్చి అది ఎవరి కంటా పడలేదు.

పైన అతను స్టూలు మీద నిలబడి, ఆపావా అని అడిగాడు. ఆపానంది. టెస్టర్ ఆనించి చూపించింది. అతను రేకు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె ఇంకో స్టూలెక్కి తీగలు బిగించింది. రాగి బయటికి కనపడకుండా చూసుకుంది. ఒక్కొక్క తీగా లాగి, ఊడి రాదని చూసుకుంది. తరువాత దిగింది.

"రేకు స్క్రూలు కింద మర్చిపోయాను. వదిలావంటే లైటు పగులుతుంది."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కిందికి వెళ్లింది. వెళ్లి పెట్టె ముందు ఆగింది. మెయిన్ పిడి మీద చెయ్యి వేసి, అలాగే నిలబడింది.

పైనుంచి వదినా అని పిలుపొచ్చింది. మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతు సన్నగా, చిన్నపిల్లాడిలా వచ్చింది.

అత్త ఒడిలోని వెల్లుల్లి నేల మీద పడింది.

"వద్దే. వాడికి పిల్లలున్నారు."

పెద్దకోడలు తల తిప్పి అత్తను చూసింది.

"నేను పైన ఉన్నప్పుడు ఈ మాట మీ నోట రాలేదు అత్తయ్యా."

పైన లైటు ఊగుతున్న చప్పుడు. అతను దించలేక, వదల్లేక, ఏడుస్తున్నాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి ఒకసారి అత్తను, ఒకసారి పెట్టెను చూసింది. ఇందాక పెట్టె దగ్గర జరిగిందేమిటో ఆమెకు అప్పుడే అర్థమైంది. మొగుడి కోసం పైకి పరుగెత్తలేదు.

పెద్దకోడలు పిడి మీంచి చెయ్యి తీసింది. పైకెళ్లి, జాకెట్లో దోపుకున్న స్క్రూలు తీసి రేకు బిగించింది. మరిది స్టూలు దిగి, చాచిన చేతులతోనే ఓ మూల కూలబడ్డాడు. చేతులు ముడుచుకోలేదు. ఆమె అతణ్ణి దాటుకుని కిందికొచ్చి, ఫ్యూజు పెట్టి, రెండు మెయిన్లూ ఎత్తింది. పై గదిలో తెల్లగా వెలుగొచ్చింది.

పై వాటా సంగతి ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎత్తొద్దని అత్త అంది. ఎవరితో అన్నదో తెలియదు. ఎవరి ముఖమూ చూడలేదు.

మధ్యాహ్నం నలుగురూ కింద వరండాలో అన్నానికి కూర్చున్నారు. పెద్దకోడలే వడ్డించింది. మరిదికి చెయ్యి కుదరక మెతుకులు కంచం బయట పడుతున్నాయి. అత్త మజ్జిగ గిన్నె అతని వైపు జరిపి, మళ్లీ ఏమనుకుందో పెద్దకోడలి వైపు జరిపింది. ఆమె తీసుకోలేదు. గిన్నె మధ్యలోనే ఉండిపోయింది. నలుగురూ తల వంచుకుని తిన్నారు.