అల్లాబక్ష్ పేరు

సన్మానం మొదలుకాకముందే మిలిటరీ ఓబులేసుకు సన్మానించేవాళ్ళ మీద అసహ్యం పుట్టింది. ప్రొద్దుటూరు కల్యాణమండపం ముందు కట్టిన ఫ్లెక్సీలో నాయకుడి మొహం బండిచక్రమంత ఉంది. కార్గిల్‌లో పతకం తెచ్చుకున్న తన మొహం కింద ఓ మూలన బొట్టుబిళ్ళంత. ఆగస్టు వస్తే చాలు, వీళ్ళకు దేశం పూనుతుంది అనుకున్నాడు.

అయినా ఒక్క షరతు మీద వచ్చాడు. కార్గిల్ కొండ మీద తన పక్కనే ప్రాణం విడిచిన జమ్మలమడుగు అల్లాబక్ష్ పేరు వేదిక మీద పలకాలి. ఇంతవరకూ ఏ సభా అతన్ని తలచుకోలేదు. చచ్చినవాడు ఫోటోకు నిలబడడు కదా. అతని భార్య దిల్షాద్‌బీని ఓబులేసే పిలుచుకొచ్చి ముందువరుసలో కూర్చోబెట్టాడు.

నాయకుడు పులివెందులలో ఒక పెండ్లి చూసుకుని ఎండ నెత్తికెక్కాక దిగాడు. జాతర పొట్టేలుకు పసుపు పూసినట్టు శాలువా కప్పాడు. కప్పేటప్పుడు కూడా చూపు కెమెరా మీదే. వక్తలంతా నాయకుణ్ణి పొగిడి కూర్చున్నారు. అల్లాబక్ష్ పేరు ఎవరి నోటా రాలేదు. మొన్న సన్మానానికి పిలవడానికి ఇంటికొచ్చిన కార్యకర్త కార్తీక్‌కు ఓబులేసు షరతు గుర్తుచేశాడు.

"ఆ పేరేందో నువ్వే చెప్పు మామా. రెండు ముక్కలు చాలు, అన్న పోవాల," అని కార్తీక్ మైకు చేతిలో పెట్టాడు.

ఓబులేసు కొండ మీది మంచుతో మొదలుపెట్టాడు. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పుడు సారాయిలా ఒంట్లోకి దిగింది. తొడలో దిగిన తూటా గురించి చెప్పాడు. ఈలలు వేశారు. కొండంతా తానొక్కడే పాకినట్టు చెబుతున్నానని తెలుస్తూనే ఉంది, నోరు ఆగలేదు. ఈ చప్పట్లు తగ్గాక చెబుతాలే అనుకున్నాడు. తగ్గుతుంటే భయమేసి ఇంకో ముక్క అందుకున్నాడు. చివరికి నాయకుడి చల్లని మనసుకు దండం పెట్టి మైకు ఇచ్చేశాడు.

దిగేసరికి దిల్షాద్‌బీ కూర్చున్నచోటే ఉంది. టైము ఇయ్యలేదమ్మా, వీళ్ళ సంగతి తెలిసిందే కదా అని గొణిగాడు.

"వీళ్ళు చెప్తారని నేను యాడనుకుంటినన్నా? నువ్వు చెప్తావని వస్తి," అంది.

ఆమె జమ్మలమడుగు బస్సుకు నడిచిపోయింది. వెంట పోదామనే అనుకున్నాడు. ఇంతలో ఎవరో చెయ్యి పట్టుకున్నారు. భోజనాల దగ్గర పెద్దల వరుసలో అతనికి ఆకు వేశారట. పోయి కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆ మంచు సంగతి ఇంకోసారి చెప్పమన్నారు.

చెప్పాడు.