జలపతి కాక అసైన్‌మెంట్

మా కోరుట్ల డిగ్రీ కాలేజి లైబ్రరీల కిటికి పక్కన ఒక బల్ల ఉంటది. దానిమీద ‘రాత సాయం’ అని అట్టముక్క నిలవెట్టిండ్రు. అసైన్‌మెంట్లు, దరఖాస్తులు రాసుకునేటోళ్లు ఆడికస్తరు. ఫైనలియర్ వాళ్లం వంతులేసుకొని కూసుంటం. మనం రాసియ్యొద్దు, అడిగి వాళ్లతోనే రాయించాలె. అది మా తెలుగు మేడం పెట్టిన రూలు.

ఒక ఆదివారం నా వంతుల జలపతి అనే ఆయన అచ్చిండు. నలభై ఐదేండ్లుంటయి. పదహారేండ్లు సౌదిల చేసి, కంపెనీ మూతవడితె ఇంటికచ్చి, దూరవిద్యల డిగ్రీ కట్టిండట. వాళ్లకు ఆదివారాలే ఈడ క్లాసులు.

“గిది జర సూడు బిడ్డా” అని కాగితాలు ముందల పెట్టిండు.

అంశం వలస కార్మికుల జీవితం. ‘వలస కార్మికులు అనేక సమస్యలు ఎదుర్కొంటున్నారు’ అని మొదలువెట్టిండు. రెండు పేజీలు గట్లనే ఉన్నయి.

“ఏం సమస్యలు కాకా?”

“మస్తు ఉంటయి.”

“ఒక్కటి చెప్పు.”

పెన్ను మూత తీసుకుంట, పెట్టుకుంట చెప్పిండు.

“రూముల ఆరు మంచాలు, పన్నెండు మందిమి. రాత్రి డ్యూటీవోడు పొద్దుగాల అచ్చి నేను లేసిన మంచంల పండేటోడు. ఓదెలు అని, మన చందుర్తి దిక్కోడే. రెండేండ్లు ఒక్కటే మంచం వాడుకున్నం గని సక్కగ మాట్లాడుకున్నది లేదు.”

“గదే రాయి కాకా.”

“గిసొంటియి సుత రాస్తరా?”

“గియ్యే రాయాలె.”

తల వంచి రాసుడు మొదలువెట్టిండు. రాసుకుంటనే అన్నడు: “ఇంట్ల ఎన్నడు చెప్పలే. చెప్తె మా ఆమెకు బువ్వ లోపటికి పోతదా?”

నాకు మా బాపు యాదికచ్చిండు. “మా బాపు మస్కట్‌ల ఉంటడు కాకా. తొమ్మిదేండ్లాయె. ఎట్లున్నవంటె మంచిగనే ఉన్న అంటడు.”

ఆయన రాసుడు ఆపిండు. “ఎట్లున్నవని అడుగకు. ఇయ్యాల కూర ఎవలు వండిండ్రని అడుగు.”

ఆ మాపటికి బాపు ఫోన్ చేసిండు. అట్లనే అడిగిన.

“సమ్మయ్య వండిండు. వంతు నాదే గని…” ఆగిండు.

“గని ఏంది బాపు?”

“మోకాలు వాసింది బిడ్డా. పొయ్యికాడ నిలవడరాలేదు. ఇరవై రోజులాయె.”

నేనేం గట్టిగ అనలే. నొప్పి ఎప్పటికెల్లి, మెట్లు ఎక్కుతున్నవా, ఇంక నిలవడే పని చేస్తున్నవా అని ఒక్కొక్కటే అడిగిన. ఒక్కొక్కటే చెప్పిండు. అమ్మ నా పక్కన కూసొని అంత ఇన్నది. గంతసేపు మేం మాట్లాడుకున్నది అదే మొదలు.

జలపతి కాక అసైన్‌మెంట్ తొమ్మిది పేజీలాయె. ఆయన దాన్ని మళ్ల సాపు రాసుకున్న ఆదివారం నాటికి బాపు దవఖానకు పోయచ్చిండు. బరువులు ఎత్తొద్దన్నరట. సూపర్‌వైజర్‌ను అడిగి స్టోరుల కూసునే పనికి మారిండు. ఎండకాలం లీవు దొరికితె అస్తనన్నడు. అమ్మ ఫోన్ గుంజుకొని, “దొరుకుడు ఏంది, రా” అన్నది.